ప్రోగ్రామ్ ప్రోగ్రామ్‌ని ఎట్ల గుర్తుపట్టాలి: జీఎస్‌ఎస్ ఏపీఐ, కెర్బరోస్ వాడే పద్ధతి

మాదాపూర్‌లో మా టీమ్‌లోకి ఏటా కొత్త పిల్లలు వస్తుంటరు, మంచిగ కోడ్ రాస్తరు, కానీ ఒక సర్వీస్ ఇంకో సర్వీస్‌తో మాట్లాడే పని ఇస్తే మాత్రం దాదాపు అందరూ ఒకటే దారి పడతరు: కాన్ఫిగ్ ఫైల్‌లో యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ రాసి పెట్టి, దాన్ని సాకెట్ మీద పంపి, అవతల ఒక ఇఫ్ కండిషన్‌తో పోల్చి సరిపోతే లోపలికి రానిచ్చుడు. ఆ ఫైల్ గిట్‌లోకి పోతది, గిట్ నుంచి పది ల్యాప్‌టాప్‌లకు పోతది, టీమ్ వదిలి పోయినోళ్ల దగ్గర కూడా ఉంటది, ఇంక ఆ పాస్‌వర్డ్ మార్చాలంటే ఎన్ని చోట్ల మార్చాలో ఎవ్వరికీ తెల్వదు. పిల్లల్ని అనడానికి లేదు. నేను అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడు కూడా లాగిన్ పేజీ ఎట్ల కట్టాలో రోజుల తరబడి చెప్పిండ్రు గాని, కీబోర్డ్ ముందు మనిషే లేని చోట ప్రోగ్రామ్‌ని ప్రోగ్రామ్ ఎట్ల నమ్మాలి అనేది ఒక్క క్లాస్ కూడా చెప్పలే.

దీనికి లైబ్రరీలు ఎప్పటి నుంచో ఉన్నయ్. జీఎస్‌ఎస్ ఏపీఐ అంటే ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌కు తానెవరో నిరూపించుకోవడానికి పిలిచే ఫంక్షన్ల స్టాండర్డ్, అది మొదటిసారి 1993లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రం) 1508గా వచ్చింది, ఇప్పుడు మనం వాడేది 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2743, సీ లాంగ్వేజ్‌కు దాని జత 2744. దాని కింద పనిచేసేది ఎక్కువగా కెర్బరోస్, అది ఎంఐటీలో 1983లో మొదలైన ప్రాజెక్ట్ అథీనాలో పుట్టింది, ఇప్పటి వెర్షన్ 5కి ఆర్‌ఎఫ్‌సీ 4120. హడూప్, కాఫ్కా, పోస్ట్‌గ్రెస్, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, విండోస్ యాక్టివ్ డైరెక్టరీ అన్నిట్లో ఇదే ఉంది, అంటే ఒకసారి నేర్చుకుంటే మస్తు చోట్ల పనికొస్తది.

ముందే ఒక మాట చెప్తా, ఇది పట్టుకుంటే మిగతాదంతా తేలికయితది. ఇందులో కోడ్ చిన్నది, క్లయింట్ వైపు ఒక లూప్, సర్వర్ వైపు ఒక లూప్, అంతే. కష్టమంతా పేర్లు, టైమ్, కీట్యాబ్ అనే రహస్య కీ ఉండే ఫైల్ ఈ మూడింట్లనే ఉంటది. రెండు రోజులు కోడ్ మీద కూర్చుని గింజుకున్నోళ్లను చాలామందిని చూసిన, తీరా చూస్తే తప్పు కోడ్‌లో ఉండదు.

కెర్బరోస్ పని ఇట్ల ఊహించుకోండి. రాయదుర్గం వైపు పెద్ద ఐటీ పార్క్‌కు పోతే మెయిన్ గేట్ దగ్గర ఐడీ చూపిస్తరు, ఆరోజుకు పాస్ ఇస్తరు. తర్వాత ఏ బ్లాక్‌కు పోవాలన్నా ఆ పాస్ చూపించి ఆ బ్లాక్‌కు మాత్రమే పనికొచ్చే స్లిప్ తీసుకుంటరు, బ్లాక్ దగ్గర ఉన్న గార్డ్ మీ ఆధార్ కార్డ్ అడగడు, స్లిప్ మీద మెయిన్ గేట్ ముద్ర చూస్తడు. గేట్ అంటే కేడీసీ అనే సర్వర్, ఆరోజు పాస్ అంటే టీజీటీ, స్లిప్ అంటే సర్వీస్ టికెట్. ఆ ముద్ర నిజమా కాదా చూసుకోవడానికి గార్డ్ దగ్గర ఉండే రహస్యమే కీట్యాబ్. మీ పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీద ఎక్కడా నడవదు.

ఇక పని మొదలుపెడదాం. కింద ఫంక్షన్ పేర్లు తెలుగులో రాసిన, కోడ్‌లో పదాల మధ్య అండర్‌స్కోర్ పెట్టుకోండి.

ఆఫీస్ యాక్టివ్ డైరెక్టరీ (అందరి లాగిన్‌లు చూసుకునే విండోస్ సర్వర్) మీద నేర్చుకోవద్దు, అక్కడ ఏదన్నా తప్పు చేస్తే మీతోపాటు అందరి పని ఆగుతది. ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్‌లో ఉబుంటు వేసుకుని కేఆర్‌బీ5 కేడీసీ, కేఆర్‌బీ5 అడ్మిన్ సర్వర్ అనే ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేస్తే సొంత కేడీసీ తయారైతది. రెల్మ్ అంటే ఒక కేడీసీ కింద ఉండే యూజర్లు, సర్వీస్‌లు అందరూ కలిసిన గుంపు, దాని పేరు పెద్దక్షరాల్లో పెట్టండి, అది ఆనవాయితీ, చిన్నక్షరాలు పెట్టినా నడుస్తది గాని తర్వాత పెద్దది చిన్నది కలిసిపోయి తలనొప్పి. కేఆర్‌బీ5 న్యూరెల్మ్ కమాండ్ కొడితే డేటాబేస్ కట్టుకుంటది. కేఇనిట్ (టికెట్ తెచ్చేది), కేలిస్ట్ (ఉన్న టికెట్లు చూపించేది) లాంటి కమాండ్లకు కేఆర్‌బీ5 యూజర్ ప్యాకేజీ, కంపైల్ చేయడానికి లిబ్ కేఆర్‌బీ5 డెవ్. రెడ్‌హ్యాట్ వైపు అయితే వర్క్‌స్టేషన్, డెవెల్ అనే పేర్లతో ఇవే దొరుకుతయ్.

తర్వాత రెండు ప్రిన్సిపల్స్, అంటే కేడీసీలో ఉండే పేర్లు, చేయాలి, ఒకటి క్లయింట్‌కు, ఒకటి సర్వర్‌కు. సర్వర్‌ది చేసేటప్పుడు ర్యాండ్‌కీ ఆప్షన్ పెట్టండి, మనిషి ఊహించి పెట్టే పాస్‌వర్డ్ సర్వీస్‌కు వద్దు. దాని పేరు సర్వీస్ స్లాష్ పూర్తి హోస్ట్‌నేమ్ ఎట్ రెల్మ్ అనే రూపంలో ఉంటది. ఆ కీని కేటీయాడ్‌తో ఒక ఫైల్‌లోకి తీసుకుంటే అదే కీట్యాబ్. ఆ ఫైల్‌కు ఓనర్‌గా సర్వీస్ ఏ యూజర్ కింద నడుస్తదో ఆ యూజర్ ఉండాలి, పర్మిషన్ 600. దీన్ని పాస్‌వర్డ్ లెక్కనే చూడండి, వాట్సాప్‌లో పంపుడు, షేర్డ్ డ్రైవ్‌లో పెట్టుడు అస్సలు వద్దు, ఆ ఫైల్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఆ సర్వీస్.

ఇప్పుడు క్లయింట్ కోడ్. ముందు అవతలి సర్వీస్ పేరును జీఎస్‌ఎస్ ఇంపోర్ట్ నేమ్‌కు ఇవ్వాలి. ఇక్కడ చాలామంది పడిపోతరు, ఎందుకంటే ఏపీఐలో హోస్ట్‌బేస్డ్ సర్వీస్ అనే టైప్ వాడితే పేరు సర్వీస్ ఎట్ హోస్ట్‌నేమ్ అని రాయాలి, మధ్యలో స్లాష్ కాదు. కేలిస్ట్‌లో స్లాష్ కనబడుతది కదా అని అదే కాపీ కొట్టి పెడితే తప్పు పేరు అయితది, ఆ ఎర్రర్ చూసి మనం కేడీసీలో ఎంట్రీ లేదనుకుని అక్కడ వెతుకుతం.

పేరు అయ్యాక లూప్. జీఎస్‌ఎస్ ఇనిట్ సెక్ కాంటెక్స్ట్ అనే ఫంక్షన్‌ను మొదటిసారి ఖాళీ టోకెన్‌తో (టోకెన్ అంటే రెండు వైపులా ఇచ్చి పుచ్చుకునే బైట్ల ముద్ద) పిలుస్తం, అది ఒక అవుట్‌పుట్ టోకెన్ ఇస్తది, దాంతోపాటు కంటిన్యూ నీడెడ్ అనో కంప్లీట్ అనో స్టేటస్ ఇస్తది. టోకెన్ పొడవు సున్నా కాకుంటే దాన్ని అవతలికి పంపాలి. కంటిన్యూ నీడెడ్ అయితే అవతలి నుంచి టోకెన్ చదివి అదే ఫంక్షన్‌కు మళ్లీ ఇవ్వాలి. కంప్లీట్ వచ్చేదాకా ఇట్ల తిరగాలి. సర్వర్ వైపు ఇదే పని జీఎస్‌ఎస్ యాక్సెప్ట్ సెక్ కాంటెక్స్ట్ చేస్తది, తేడా ఏందంటే అది ముందు చదువుతది తర్వాత రాస్తది. ఎన్ని రౌండ్లు అయితయో మీరు లెక్క కట్టి రాయొద్దు, అది మెకానిజమ్ (కింద నడిచే కెర్బరోస్ లాంటి పద్ధతి) ఇష్టం, ఇయ్యాల కెర్బరోస్‌కు ఒకటి రెండు టోకెన్లతో అయిపోయింది కదా అని రెండు సెండ్‌లు రెండు రిసీవ్‌లు వరుసగా రాసేస్తే రేపు స్పెనెగో (ఏ మెకానిజమ్ వాడాలో రెండు వైపులా మాట్లాడుకుని తేల్చుకునే పద్ధతి) పెట్టినప్పుడు విరిగిపోతది.

ఇందులో ఒక బగ్‌ను దగ్గర నుంచి చూపిస్తా, ఎందుకంటే ఇది నేను రివ్యూ చేసిన కోడ్‌లో మళ్లీ మళ్లీ కనబడ్డది. సర్వర్‌లో యాక్సెప్ట్ ఫంక్షన్ పిలిచిండ్రు, కంప్లీట్ వచ్చింది, వెంటనే బ్రేక్ కొట్టి లూప్ నుంచి బయటికొచ్చిండ్రు. చూడ్డానికి సరిగ్గనే ఉంది కదా. కానీ కంప్లీట్ వచ్చినప్పుడు కూడా చేతిలో ఒక అవుట్‌పుట్ టోకెన్ ఉండొచ్చు, మ్యూచువల్ అథెంటికేషన్ అడిగితే ఖచ్చితంగా ఉంటది, సర్వర్ తానెవరో క్లయింట్‌కు నిరూపించుకునే జవాబు అదే. దాన్ని పంపకుండా బ్రేక్ కొడితే సర్వర్ అంతా అయిపోయిందనుకుని డేటా కోసం చూస్తది, క్లయింట్ జవాబు కోసం చూస్తది, రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ కూర్చుంటయ్, ఎర్రర్ లేదు లాగ్ లేదు. ముందు టోకెన్ పంపుడు, తర్వాత స్టేటస్ చూసుడు, వరుస ఇదే. ఫెయిలైనప్పుడు కూడా టోకెన్ వస్తే పంపండి, అవతలోడికి ఎందుకు ఫెయిలైందో తెలుస్తది.

టోకెన్‌ను ఎట్ల పంపాలి అనేది ఈ లైబ్రరీ చెప్పదు, సాకెట్ తెరిచుడు, రాసుడు, చదువుడు అన్నీ మీ పనే. టీసీపీ అంటే నీళ్ల పైపు లెక్క, మీరు ఒక బకెట్ పోసిండ్రు కదా అని అవతల ఒక బకెట్‌గనే రాదు, సగం ముందు సగం తర్వాత వస్తది. కాబట్టి ముందు నాలుగు బైట్లలో పొడవు రాసి తర్వాత టోకెన్ రాయండి, చదివేటప్పుడు ఆ పొడవు నిండేదాకా చదువుతనే ఉండండి. పొడవుకు ఒక గరిష్ట హద్దు కూడా పెట్టండి, లేకుంటే ఎవడో పెద్ద నంబర్ పంపి మీ మెమరీ తినేస్తడు. అట్లని మరీ చిన్న బఫర్ పెట్టొద్దు, యాక్టివ్ డైరెక్టరీ టికెట్‌లో ఆ యూజర్ ఉన్న గ్రూపుల వివరాలన్నీ ఉంటయ్, రెండు గ్రూపుల్లో ఉన్న టెస్ట్ యూజర్‌కు పనిచేసిన కోడ్ రెండొందల గ్రూపుల్లో ఉన్న మేనేజర్‌కు పనిచేయదు. హెచ్‌టీటీపీ మీద నెగోషియేట్ (ఇవే టోకెన్లను హెడర్‌లో పెట్టి పంపే పద్ధతి) వాడేటోళ్లకు ఇదే సమస్య హెడర్ సైజు రూపంలో వస్తది, అపాచీలో ఒక హెడర్‌కు మామూలు హద్దు 8190 బైట్లు.

లూప్ అయిపోయింది, కాంటెక్స్ట్, అంటే ఎవరెవరో తేలిన ఒప్పందం, కుదిరింది. ఇక్కడితో ఆగొద్దు, నాకు అన్నిటికంటే బాధనిపించే తప్పు ఇక్కడనే జరుగుతది. మీరు మ్యూచువల్ కావాలి, ఎన్‌క్రిప్షన్ కావాలి అని ఫ్లాగ్‌లు పెట్టి అడిగిండ్రు సరే, అడగ్గానే ఇచ్చినట్టు కాదు. ఫంక్షన్ తిరిగిచ్చే ఫ్లాగ్‌లు వేరే ఉంటయ్, నిజంగా ఏం కుదిరిందో వాటిలో ఉంటది. మ్యూచువల్ ఫ్లాగ్ లేదా, కనెక్షన్ మూసేయండి. కాన్ఫిడెన్షియాలిటీ ఫ్లాగ్ లేదా, జీతాల డేటా పంపకండి. తర్వాత ప్రతి మెసేజ్‌ను జీఎస్‌ఎస్ ర్యాప్‌తో చుట్టి పంపండి, అవతల అన్‌ర్యాప్, రెండు చోట్లా కాన్ఫ్ స్టేట్ అనే విలువ వస్తది, అది కూడా చూడండి. కాంటెక్స్ట్ కుదిరినంక మామూలు సెండ్‌తోనే ప్లెయిన్‌గా డేటా పంపే కోడ్ చూసిన, అది గేట్ దగ్గర ఐడీ చూసి గోడ తీసేసినట్టు. టీఎల్‌ఎస్ (కనెక్షన్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) లోపల నడుపుతుంటే ర్యాప్ లేకున్నా నడుస్తది, అప్పుడు ఛానెల్ బైండింగ్ (ఆ టీఎల్‌ఎస్ కనెక్షన్ గుర్తు) ఇచ్చి రెండిటినీ ముడేయండి. కాఫ్కా సెట్ చేసేటోళ్లు కూడా ఇది గుర్తు పెట్టుకోండి, సాస్ల్ ప్లెయిన్‌టెక్స్ట్ మీద జీఎస్‌ఎస్ ఏపీఐ పెడితే ఎవరో తెలుస్తది గాని మెసేజ్‌లు తెరిచిన ఉత్తరాల్లెక్కనే పోతయ్, ఎన్‌క్రిప్షన్ కావాలంటే సాస్ల్ ఎస్‌ఎస్‌ఎల్ పెట్టాలి.

సర్వర్ వైపు ఇంకోటి. యాక్సెప్ట్ అయినంక వచ్చినోడి పేరు చేతికొస్తది, జీఎస్‌ఎస్ డిస్‌ప్లే నేమ్‌తో చదివితే పేరు ఎట్ రెల్మ్ అని ఉంటది. కొందరు ఎట్ గుర్తు దగ్గర కోసేసి ముందు ముక్క మాత్రమే పోలుస్తరు. రెండు రెల్మ్‌ల మధ్య ట్రస్ట్ ఉంటే పక్క కంపెనీలో అదే పేరున్న మనిషి మీ సిస్టంలోకి మీ మనిషిగా వచ్చేస్తడు. పూర్తి పేరు పోల్చండి. వచ్చినోడు ఎవరో తేల్చుడు వేరు, వాడికి ఏ పని చేసే హక్కు ఉందో తేల్చుడు వేరు, ఈ లైబ్రరీ మొదటిది మాత్రమే చేస్తది, రెండోది మీ టేబుల్‌లో మీరే రాసుకోవాలి.

ఇక ఆ మూడు కష్టాలు.

టైమ్. కెర్బరోస్‌లో గడియారాల తేడా మామూలుగా 5 నిమిషాలు, అంటే 300 సెకండ్లు దాటితే ఒప్పుకోదు, పాత టోకెన్‌ను ఎవరైనా పట్టుకుని మళ్లీ పంపకుండా ఈ కట్టుబాటు. ఒకరోజు సాయంత్రం మా జూనియర్ ఒకతను వచ్చి, "అన్నా, టైమ్ కరెక్ట్‌గనే ఉంది, వాచీతో పోల్చి చూసిన, అయినా క్లాక్ స్క్యూ టూ గ్రేట్ అంటున్నది" అన్నడు. పోయి చూస్తే సర్వర్‌లో డేట్ కమాండ్ 4 గంటల 10 నిమిషాలు చూపిస్తున్నది, గోడ మీద గడియారం కూడా అంతే. కానీ సర్వర్ చూపించిన లైన్ చివర్ల యూటీసీ అని ఉంది. కొత్త మెషీన్ యూటీసీ జోన్‌లో వచ్చింది, ఎవరో మన టైమ్ చూసి చేత్తో సెట్ చేసిండ్రు, నిజమైన యూటీసీ అప్పుడు పొద్దున 10 గంటల 40 నిమిషాలు. కెర్బరోస్ లెక్కలన్నీ యూటీసీలో చేస్తది కాబట్టి దాని దృష్టిలో ఆ సర్వర్ ఐదున్నర గంటలు ముందుంది. "తమ్ముడూ, అంకెలు కాదు, చివర్ల జోన్ చూడు" అని చెప్పి టైమ్ సింక్ సర్వీస్ ఆన్ చేపించిన, నిమిషంలో పనైపోయింది. మన దేశంలో పనిచేసేటోళ్లు ఐదున్నర గంటల తేడా కనబడితే ముందు ఇదే అనుమానించాలి. గడియారాన్ని చేత్తో సెట్ చేయకండి, క్రోనీ లాంటిది పెట్టండి.

పేర్లు. క్లయింట్ మీరిచ్చిన హోస్ట్‌నేమ్‌ను డీఎన్ఎస్‌లో చూసి, ఆ ఐపీని మళ్లీ వెనక్కి పేరుగా మార్చి, ఆ వచ్చిన పేరుతో టికెట్ అడగొచ్చు. రివర్స్ డీఎన్ఎస్ తప్పుగా ఉంటే మీరు బిల్లింగ్ సర్వర్ అన్నా అది ఇంకేదో పాత మెషీన్ పేరుతో అడుగుతది. కేఆర్‌బీ5 కాన్ఫ్ ఫైల్‌లో లిబ్ డిఫాల్ట్స్ కింద ఆర్‌డీఎన్ఎస్ ఈక్వల్స్ ఫాల్స్ పెడితే ఈ వెనక్కి చూసుడు ఆగుతది, నేను ఎప్పుడూ పెడత. లోడ్ బ్యాలెన్సర్ వెనుక నాలుగు మెషీన్లు ఉంటే క్లయింట్‌కు కనబడే పేరు బ్యాలెన్సర్‌ది, కాబట్టి ఆ పేరు మీద ఉన్న కీ నాలుగు మెషీన్ల కీట్యాబ్‌లో ఉండాలి.

ఆ నాలుగు మెషీన్ల దగ్గరనే మూడో కష్టం దాక్కుని ఉంటది. కేటీయాడ్ కమాండ్ కొట్టిన ప్రతిసారి మామూలుగా కొత్త కీ తయారు చేసి వెర్షన్ నంబర్ ఒకటి పెంచుతది. మొదటి మెషీన్‌లో కొట్టి, పోయి రెండో మెషీన్‌లో కొడితే, రెండోది పనిచేస్తది మొదటిది పడిపోతది, ఎవరూ దాన్ని ముట్టుకోలేదంటరు, నిజమే, ముట్టుకోలేదు. ఒక్కసారి కొట్టి ఆ ఫైల్‌నే ఎస్‌సీపీతో నాలుగిట్లకు జాగ్రత్తగా తీసుకుపోవాలి. అనుమానం వస్తే కేలిస్ట్‌కు కే, ఈ, టీ ఆప్షన్లు ఇచ్చి కీట్యాబ్‌లో ఉన్న నంబర్ చూడండి, కేవీఎన్‌ఓ కమాండ్‌తో కేడీసీ దగ్గరున్న నంబర్ చూడండి, రెండూ కలవాలి. అక్కడే ఎన్‌క్రిప్షన్ టైప్ కూడా కనబడుతది, ఏఈఎస్ ఉండాలి, ఆర్‌సీ4ను 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8429 పక్కన పెట్టమంది, అదే కనబడితే కొత్త కీ తీసుకోండి.

ఏదన్నా ఫెయిలైతే మొదట కనబడేది అన్‌స్పెసిఫైడ్ జీఎస్‌ఎస్ ఫెయిల్యూర్ అనే లైన్, దాంతో ఏం అర్థం కాదు. ఎందుకంటే ఈ ఏపీఐలో రెండు స్టేటస్‌లు ఉంటయ్, మేజర్, మైనర్. అసలు కారణం మైనర్‌లో ఉంటది. జీఎస్‌ఎస్ డిస్‌ప్లే స్టేటస్‌ను రెండుసార్లు పిలవాలి, ఒకసారి మేజర్‌కు జీఎస్‌ఎస్ కోడ్ అని, ఒకసారి మైనర్‌కు మెక్ కోడ్ అని, మెసేజ్ కాంటెక్స్ట్ సున్నా అయ్యేదాకా తిప్పాలి. ఈ చిన్న ఫంక్షన్‌ను అన్నిటికంటే ముందు రాసుకోండి, లూప్ కంటే ముందు. ఎంఐటీ లైబ్రరీ అయితే కేఆర్‌బీ5 ట్రేస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు స్టాండర్డ్ ఎర్రర్ దారి ఇచ్చి ప్రోగ్రామ్ నడపండి, ఏ పేరుతో టికెట్ అడిగింది, ఏ కేడీసీని పిలిచింది, ఏం జవాబొచ్చింది అన్నీ లైన్ బై లైన్ చెప్తది. జావాలో సన్ సెక్యూరిటీ కేఆర్‌బీ5 డీబగ్ అనే ప్రాపర్టీ ట్రూ పెడితే అదే పని.

రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబ్‌లకు ఇంకో చిక్కుంది, టికెట్‌కు గడువు ఉంటది, యాక్టివ్ డైరెక్టరీలో మామూలుగా 10 గంటలు. క్రాన్‌లో కేఇనిట్ పెట్టి నెట్టుకొస్తుంటరు చాలామంది. ఎంఐటీ 1.11 నుంచి క్లయింట్ కీట్యాబ్ అనేది ఉంది, కేఆర్‌బీ5 క్లయింట్ కేటీనేమ్ వేరియబుల్‌లో ఫైల్ దారి ఇస్తే లైబ్రరీనే టికెట్ తెచ్చుకుంటది, గడువు దగ్గర పడితే మళ్లీ తెచ్చుకుంటది, కోడ్‌లో ఏం మార్చక్కర్లేదు.

సీ రానోళ్లు భయపడక్కర్లేదు. పైథాన్‌లో జీఎస్‌ఎస్ ఏపీఐ పేరుతోనే ప్యాకేజీ ఉంది, సెక్యూరిటీ కాంటెక్స్ట్ ఆబ్జెక్ట్ చేసి కంప్లీట్ అయ్యేదాకా స్టెప్ పిలుచుడే, నేర్చుకునేటోళ్లకు నేను ఇదే చెప్త. జావాలో 1.4 నుంచి జీఎస్‌ఎస్ మేనేజర్ లోపలనే ఉంది, కాకపోతే జాస్ (జావా లాగిన్ సెట్టింగ్‌లు) కాన్ఫిగ్ జర విసుగు తెప్పిస్తది. విండోస్‌లో ఎస్‌ఎస్‌పీఐ అని వేరే పేర్లతో ఉంటది గాని కెర్బరోస్ టోకెన్లు అవే, లినక్స్ సర్వర్‌తో మాట్లాడుకుంటయ్. బయటి కంపెనీల సర్వీస్‌లతో ఇంటర్నెట్ మీద మాట్లాడాలంటే మాత్రం ఇది వద్దు, అక్కడ ఓఆథ్ 2.0 గాని రెండు వైపులా సర్టిఫికెట్లున్న టీఎల్‌ఎస్ గాని మంచిది.

అంతా రాసినంక టెస్ట్ చేసేటప్పుడు పనిచేస్తుందా అని చూసే ముందు పనిచేయకూడని చోట ఆగుతుందా అని చూడండి. కేడిస్ట్రాయ్ కొట్టి టికెట్ లేకుండా క్లయింట్ నడపండి. సర్వర్ గడియారం పది నిమిషాలు ముందుకు జరిపి నడపండి. వేరే సర్వీస్ కీట్యాబ్ పెట్టి నడపండి. మూడింటికీ మీ లాగ్‌లో మూడు వేర్వేరు కారణాలు కనబడాలి, ఒకటే లైన్ కనబడితే మైనర్ స్టేటస్ ఎక్కడో వదిలేసిండ్రు. చివరగా అన్నీ సరిగ్గ పెట్టి, ఒక టెర్మినల్‌లో టీసీపీ డంప్ (నెట్‌వర్క్ మీద పోయే డేటా పట్టి చూపించే ప్రోగ్రామ్) నడిపి, బిల్లు మొత్తం అని గుర్తుపట్టగలిగే ఒక అంకె, 98765 అనుకోండి, క్లయింట్ నుంచి పంపండి. ఆ డంప్‌లో 98765 కోసం వెతకండి. దొరికిందంటే ర్యాప్ పిలిచిన లైన్ దగ్గరికి వెనక్కి పోయి కాన్ఫ్ స్టేట్ ఏం వచ్చిందో ప్రింట్ చేసి చూడండి.